ఉపమానానికో రోజు

ఆదివారం
పాస్టరుగారు ఇవాళ నన్నే చూస్తూ అన్నారు: "ఉపమానాలు తలాడించడానికి కాదయ్యా, బతకడానికి!" సూటిగా తగిలింది. రేపటి నుంచి రోజుకో ఉపమానం ప్రకారం నడుచుకుంటాను! మా ఆవిడతో చెప్పాను. "ముందు ఆ తడి తువ్వాలు మంచం మీంచి తియ్యండి" అంది.

సోమవారం. తప్పిపోయిన గొర్రె
తొంభై తొమ్మిది గొర్రెల్ని వదిలి, తప్పిపోయిన ఒక్కదాన్ని వెతకాలి. మా కళ్ళజోళ్ళ షాపుకి రావడం మానేసి ఎదురు షాపుకి మారిన లెక్కల మాస్టారే నా గొర్రె. షాపులో ఉన్నవాళ్ళని "ఒక్క నిమిషం" అని కూర్చోబెట్టి ఆయనింటికి పరుగెత్తాను. "అక్కడి ఫ్రేములు తేలిక బాబూ" అన్నారు, కొత్త కళ్ళజోడు సర్దుకుంటూ. టీ మాత్రం ఇచ్చారు. తిరిగొచ్చేసరికి షాపు ఖాళీ.
"తొంభై తొమ్మిదీ పోయాయి, ఆ ఒక్కటీ రాలేదు" అంది మా ఆవిడ.
పర్వాలేదు. మొదటి రోజే కదా!

మంగళవారం. విందులో కడపటి చోటు
పక్కింటివాళ్ళ పెళ్ళి విందు. అందరికన్నా వెనక, వంటగది తలుపు పక్కన కూర్చున్నాను. "స్నేహితుడా, పైకి రా" అని ఎవరైనా పిలవాలి. దేవుని వాక్యంలో అలాగే ఉంది. చివరికి వంటమేస్త్రి పిలిచాడు: "ఏమయ్యా, ఖాళీగా కూర్చున్నావేం? ఆ ప్లేట్లు అందుకో!"
అందుకున్నాను. మా బావమరిది ఫొటో తీశాడు.

బుధవారం
జలుబు. జలుబుకి ఉపమానం లేదు.

గురువారం
విత్తనాలు చల్లే విత్తువాడు అనుకున్నాను. కుండీ లేదు, మట్టీ లేదు. అసలీ ఉపమానాలన్నీ పొలాలున్నవాళ్ళకే!

శుక్రవారం
తమ్ముడొచ్చాడు. నాన్న పోయిన ఏడాదికే "ఈ అద్దాలతో నా వల్ల కాదు" అని షాపు నా నెత్తిన పడేసి, పాటల బృందం వెంట పోయినవాడు. ఫోను లేదు, కబురు లేదు. ఇప్పుడు బృందం చెదిరిపోయిందట, సంచీతో దిగాడు. అమ్మ వాణ్ణి పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, కోడి వండింది. నా పుట్టినరోజుకి గుడ్డయినా ఉడకబెట్టలేదు!
లోపల నవ్వులు. నేను బయట మెట్ల మీద.
మా ఆవిడ వచ్చింది. "ఇవాళ ఏ ఉపమానమండీ?"
"ఏదీ లేదు. సెలవు."
"మరి తప్పిపోయిన కొడుకు ఉపమానంలో, తమ్ముడు తిరిగొస్తే అలిగిన ఆ పెద్దకొడుకులా గుమ్మం బయట కూర్చున్నారే?"
ఒళ్ళు మండింది. ఫోనులో వెతికి చదివాను. పెద్దకొడుకు చివరికి లోపలికి వెళ్ళాడో లేదో రాయలేదు! సరిగ్గా కావలసిన చోటే ఆపేశారు.
ఇంతలో అమ్మే బయటికొచ్చింది. "రారా. నువ్వొచ్చేదాకా వాడు ముద్ద ముట్టనంటున్నాడు."
వెళ్ళాను. క్షమించి కాదు, ఆకలేసి. వాడు తలెత్తకుండా కోడికాలు తీసి నా కంచంలో వేశాడు. చిన్నప్పుడు దానికోసమే జుట్లు పట్టుకునేవాళ్ళం. కళ్ళు తుడుచుకున్నాను. కారం ఎక్కువైందన్నాను.

శనివారం
ఏమీ రాయబుద్ధి కాలేదు. తమ్ముడూ నేనూ మాట్లాడుకుంటూ ఉండిపోయాం.

సోమవారం. ఇద్దరు కొడుకులు
మళ్ళీ మొదలు! తండ్రి తోటలో పనికి వెళ్ళమంటే ఒకడు వెళ్ళనని చెప్పి వెళ్ళాడు. ఇంకొకడు వెళ్తానని వెళ్ళలేదు. పొద్దున్నే తమ్ముడు "షాపుకి నేను రాను పో" అన్నాడు. "నువ్వు పడుకోరా, నేనెళ్ళి తెరుస్తా" అన్నాను. ఈ ఉపమానమే ఇంకోసారి చదువుకుంటూ కాస్త కునుకు తీశాను.
వెళ్ళేసరికి షట్టరు తీసి ఉంది. తమ్ముడు ఫ్రేములు తుడుస్తున్నాడు.
ఛ! రేపటి నుంచి.