చందమామకు ప్యాసింజరు బండి

గురువారం, రేణిగుంట

ఇవాళ తొమ్మిదో తరగతికి బోర్డు మీద లెక్క చేసి చూపించాను. గంటకు నలభై కిలోమీటర్లు పోయే ప్యాసింజరు బండి రాత్రింబవళ్లు నడిస్తే, చందమామను చేరడానికి నాలుగు వందల రోజులు. నా క్యారియరు తెచ్చిన నాయన గుమ్మంలో నిలబడి విన్నాడు.

"మరి ఇంజనుకు నీళ్లు యాడ పడతారప్పా?" అన్నాడు.

ముప్పై ఏళ్లు బొగ్గింజను నడిపిన మనిషి. నా లెక్కలో బండి ఎక్కడా ఆగదు. క్లాసంతా నవ్వింది. అబద్ధమెందుకు, ముందు నవ్వింది నేనే. ఆయన క్యారియరు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇందాక అన్నం దగ్గర, కోపమేమీ లేకుండా, మళ్లీ అడిగాడు: "నీళ్లకు ఆగతా పోతే ఎన్ని దినాలు పడతాదప్పా?"

తలెత్తలేకపోయాను. ఆ లెక్క నాకు తెలియదు.