వేరే జోడీలో చెల్లి పేరు

అమ్మా,

ముందే చెబుతున్నాను, ఇద్దరికీ దెబ్బలేం తగల్లేదు, కంగారు పడకు. నాకే పొద్దుటి నుంచి ఏ పనీ తోచడం లేదు.

వచ్చే టోర్నమెంటుకి ఎవరికెవరు జోడీయో కోచ్ ఇవాళ బోర్డు మీద అంటించాడు. పదకొండేళ్ళుగా నా పేరు పక్కనే ఉండే చెల్లి పేరు వేరే అమ్మాయి పక్కన ఉంది! పొరపాటు చేశాడని ఆయన మీదికి వెళ్ళాను. "మీ చెల్లే అడిగిందమ్మా," అన్నాడు. నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

గదికొచ్చి నిలదీశాను. అది రాకెట్‌కు గ్రిప్ చుట్టుకుంటూ, తలెత్తకుండా చెప్పింది: "ఇద్దరి మధ్యకొచ్చే ప్రతి షటిల్‌కీ నువ్వే 'నాది' అని అరుస్తావక్కా. నేను తప్పుకుంటాను. ఇన్నేళ్ళలో నేను నేర్చుకుంది తప్పుకోవడమేనేమో అని భయమేస్తోంది."

చిన్నది, అలిసిపోతుందనే కదమ్మా నేను అరిచేది!

మోకాలి పట్టీ ఒకటి పంపు, పాతది సాగి జారిపోతోంది. నాన్న పళ్ళు కట్టించుకున్నారా? ఇకమీదట చెల్లికి విడిగా ఉత్తరం రాయి. నాకు రాసే కార్డు చివర "చెల్లిని అడిగానని చెప్పు" అని రాసి సరిపెట్టకు.

ఈ కార్డులో చోటు అయిపోతోంది. నాన్నకు నా నమస్కారాలు చెప్పు.

సాయంత్రం అది కొత్త జోడీతో ప్రాక్టీసుకు దిగింది. మధ్యలోకొచ్చిన మొదటి షటిల్‌కే "నాది!" అని అరిచింది చూడు, పక్క కోర్టుల్లో ఆట ఆగిపోయింది. దానికి అంత గొంతుందని నీకైనా తెలుసా అమ్మా?

నీ పెద్దది