మైనస్ ఎనభైలో నా రక్తం

ఫిబ్రవరి 4

కొత్తమ్మాయి చేరింది. బయట చెమటలు కారుతుంటే, మణికట్ల దాకా బూడిదరంగు స్వెటర్ వేసుకుని వచ్చింది. ల్యాబ్‌లో ఏసీ పడదట. పేరేదో చెప్పింది గానీ నేను స్వెటర్ అని పెట్టేసుకున్నాను. ఇంటికొచ్చి మా ఆయనతో కూడా స్వెటర్ చేరిందనే చెప్పాను.

నన్ను అక్కా అంది. మొదటి రోజే అక్కేంటి? నాకున్న చెల్లెళ్ళు చాలరా?

నా పక్క బెంచీ దానికి ఇమ్మన్నారు మేడం. తొమ్మిదేళ్ళుగా ఆ బెంచీ మీద నా ర్యాకులుంటున్నాయి. తీశాను. తీసేటప్పుడు చప్పుడు కొంచెం ఎక్కువే అయింది.

ఫిబ్రవరి 11

పెయింట్ ఫ్యాక్టరీ ప్రాజెక్టు మాకే వచ్చింది. ఆ రంగుల్లో, ఆ వాసనల్లో పనిచేసేవాళ్ళ రక్తంలో డీఎన్ఏ ఎంత విరుగుతోందో చూడాలి. నాలుగు వందల మంది. ఫ్యాక్టరీ దూరం కాబట్టి తీసిన రోజే పరీక్ష చెయ్యడం కుదరదు. రక్తం తెచ్చి మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో దాచి, నెలల తర్వాత చూడాలి. చిక్కంతా అక్కడే. సరిగ్గా దాచకపోతే డీఎన్ఏ మా ఫ్రీజర్‌లోనే విరుగుతుంది. అప్పుడు విరగ్గొట్టింది పెయింటా, మేమా?

దాచడం నా పని. రక్తంలోంచి తెల్లకణాలు వేరు చేసి, కడిగి, మంచు ముళ్ళు గుచ్చుకోకుండా మందు కలిపి, మెల్లమెల్లగా చల్లార్చి ఫ్రీజర్‌లో పెడతాను. పసిపిల్లను నిద్రపుచ్చినట్టు. అందుకే రోజుకు పది పన్నెండు మందివి మించి చెయ్యలేను. ఫ్యాక్టరీలో రక్తం తియ్యనిచ్చేది పది రోజులే, ఈ ఊపున వెళ్తే నాలుగు వందల మందిలో వంద మందితో సరిపెట్టాలి. సరిపెడదాం, ఏం పోయింది?

మీటింగులో స్వెటర్ చెయ్యెత్తింది. వేరు చెయ్యడాలూ కడగడాలూ ఏమీ వద్దంది. బుల్లి వయల్స్‌లో, అంటే మూత ఉన్న చిన్న గొట్టాల్లో, నాలుగైదు చుక్కల రక్తం పోసి, నేరుగా ఫ్రీజర్‌లో పెట్టేస్తే చాలంది. కొంచెమే ఉంటుంది కాబట్టి చటుక్కున గడ్డకడుతుంది, పరీక్ష రోజున చటుక్కున కరిగించి వెంటనే పని మొదలుపెడితే కణాలకు దెబ్బ తగలదంది. నాలుగు వందల మందివీ చేసెయ్యొచ్చంది.

నేను నవ్వాను. మేడం నవ్వలేదు.

ఫిబ్రవరి 12

మేడం దాని మాట కాగితం మీద రాసుకున్నారు. నా మాట ఎప్పుడైనా రాసుకున్నారా అని పొద్దుటి నుంచీ గుర్తు తెచ్చుకుంటున్నాను.

ఫిబ్రవరి 17

పోటీ పెట్టారు. ఒకే మనిషి రక్తం. సగం నా పద్ధతిలో, సగం దాని పద్ధతిలో మూడు నెలలు దాచాలి. ఎవరిది బాగుంటే ఫ్యాక్టరీ రక్తమంతా ఆ పద్ధతిలోనే. శాంపిల్ గది తాళంచెవి కూడా వాళ్ళకే, అంటే ఇన్‌చార్జి వాళ్ళే. తొమ్మిదేళ్ళుగా ఆ గదిని నేను చూసుకుంటున్నాను, తాళంచెవి మాత్రం మేడం డ్రాయర్‌లోంచి అడిగి తెచ్చుకుంటున్నాను.

రక్తం ఎవరిస్తారని అడిగారు. నా చెయ్యి ముందు లేచింది. స్వెటర్ చెయ్యి ఇంకా స్వెటర్‌లోంచి బయటికే రాలేదు.

సూది గుచ్చింది అదే. గుచ్చినట్టే తెలియలేదు. అదీ నచ్చలేదు నాకు. దాని వేళ్ళు మాత్రం చల్లగా, ఫ్రీజర్‌లోంచి తీసినట్టున్నాయి.

ఫిబ్రవరి 26

ఒక వారం దాచినవి తీసి మొదటిసారి చూశాం. మైక్రోస్కోపులో, డీఎన్ఏ విరగని కణం గుండ్రంగా వెలుగుతుంది. విరిగితే ముక్కలు సాగి తోక వస్తుంది, అచ్చం తోకచుక్కలా. తోక ఎంత పొడుగుంటే దెబ్బ అంత.

నావి బాగానే ఉన్నాయి. అక్కడక్కడా పొట్టి తోకలున్నాయి, ఆ మాత్రం ఎవరికైనా ఉంటాయి. దానివి చూశాను. దానివనేంటి, అవీ నా కణాలే. ఒక్కదానికి తోక లేదు. నా రక్తం నా దగ్గర కంటే దాని దగ్గరే సుఖంగా ఉంది.

మేడం కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు. ఆవిడకు సంతోషం కలిగితే చేసే పని అది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. స్వెటర్ ఏమో పాపం, మేడంకి దుమ్ము పడిందనుకుని టిష్యూ అందించింది. ఈరోజు మొత్తానికి నాకు దొరికిన ఊరట అదొక్కటే.

మార్చి 5

ఇంట్లో ఈ మధ్య స్వెటర్ తప్ప ఇంకో బట్ట ఊసే లేదని మా ఆయన అన్నాడు. అక్కడితో ఆగొచ్చుగా. మీ మేడం నీకు అత్తగారా, ఆ పిల్ల తోడికోడలా అని అడిగాడు. కోపం వచ్చింది. అంత కరెక్టుగా చెప్పమని ఎవరడిగారు?

మార్చి 9

మేడం దానికి తన పెన్ను ఇచ్చారు. తిరిగి అడగలేదు.

మార్చి 16

నా పెట్టె చూసుకుందామని ఫ్రీజర్ తెరిచి, దాని పెట్టె లాగాను. తప్పేముంది, అందులో ఉన్నది నా రక్తమేగా.

ముందు వరసలోంచి ఒక వయల్ తీశాను. లేబుల్ మీద మంచు పేరుకుపోయింది. లావుపాటి గ్లవ్‌తో అది పోదు. గ్లవ్ తీసేసి బొటనవేలితో తుడిచి చదవడం ఈ గదిలో అందరికీ అలవాటే. తలుపు తీసి ఉంచితే అలారం కూస్తుంది. అందుకని తలుపు మూసేసి, వయల్ అరచేతిలో పెట్టుకుని వెలుతురుకేసి తిప్పి చూశాను. నల్లబడిందేమో, గోధుమరంగుకు తిరిగిందేమో అని.

ఏమీ కాలేదు, ఎర్రగానే ఉంది. అంచున తడి మెరిసింది గానీ అది లేబుల్ మీది మంచు నీళ్ళే. మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేశాను.

మార్చి 20

ఇవాళ ఇంకోటి చూశాను. అదీ ఎర్రగానే ఉంది.

ఏప్రిల్ 2

మొటిమ గిల్లొద్దని తెలిసీ గిల్లుతాం. అదే ఇది. మేడం గదిలోంచి దాని నవ్వు వినిపించినప్పుడల్లా కాళ్ళు ఫ్రీజర్ వైపే పోతున్నాయి.

ఏప్రిల్ 22

మేడం కాన్ఫరెన్సుకు వెళ్తూ దాన్ని వెంటబెట్టుకెళ్ళారు. నన్ను ఒక్కసారైనా తీసుకెళ్ళింది లేదు. ఫ్రీజర్‌ని నీకు తప్ప ఎవరికీ అప్పగించలేనమ్మా అనేవారు. ఇన్నాళ్ళూ ఆ మాటను మెచ్చుకోలు అనుకుని మురిసిపోయాను.

వాళ్ళు వచ్చేలోపు దాని ముందు వరస మొత్తం తీసి చూశాను. ఒక్కటీ పాడవలేదు. ఏడుపొచ్చింది.

మే 18

గెలిచాను.

నావి అప్పటిలాగే ఉన్నాయి, పొట్టి తోకలు, పెద్ద తేడా లేదు. స్వెటర్ ముందు వరస నుంచి తీసిన వయల్స్‌లో అన్నీ తోకలే. తోకలు కూడా కాదు, తల ఎక్కడుందో వెతుక్కోవాలి. అది మైక్రోస్కోపు మీంచి లేవలేదు. మళ్ళీ స్లైడ్ చేసింది, మళ్ళీ అంతే. నా కళ్ళల్లో నవ్వు కనబడకుండా కిటికీ వైపు తిరిగాను.

మేడం తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఫ్యాక్టరీ వాళ్ళలో వంద మందివే తీద్దాం, మిగతావాళ్ళకు కబురు పంపిస్తానన్నారు. స్వెటర్ పెట్టె పారెయ్యమన్నారు.

మే 18, సాయంత్రం 5

మేడం స్వెటర్‌ను టీకి తీసుకెళ్ళారు. కిటికీలోంచి కనిపిస్తున్నారు. దాని భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్తున్నారు. గెలిచింది నేనైతే టీ దానికా?

మే 19

పారేద్దామని పెట్టె తీశాను. వెనక వరసలు నేనెప్పుడూ ముట్టలేదు. ఎందుకో ఒకటి తీసి, పద్ధతి ప్రకారం కరిగించి స్లైడ్ చేశాను.

గుండ్రంగా ఉన్నాయి. అన్నీ. మొదటి వారం ఎలా ఉన్నాయో అలాగే.

కూర్చుండిపోయాను. నాలుగైదు చుక్కలు. చటుక్కున గడ్డకడతాయి, చటుక్కున కరుగుతాయి. మీటింగులో అది చెప్పిందే. నా అరచేతిలో కరిగాయి, లోపల పెడితే మళ్ళీ గడ్డకట్టాయి. అలా రెండోసారి గడ్డకట్టిన రక్తంలో ఇంకేం కణాలు మిగులుతాయి? అంచున మెరిసిన తడి మంచు నీళ్ళు కాదు. ఫ్రీజర్‌తో తొమ్మిదేళ్ళ కాపురం చేసి కూడా నాకది తట్టలేదు. నేను చూసింది రక్తం కరిగిందా అని కాదుగా, పాడైందా లేదా అని.

పెట్టె పారెయ్యలేదు. లోపలే పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉందిగా.

మే 20

ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేశారట. ఆ మూడు వందల మందీ ఎందుకు తమను వదిలేశారని అడుగుతున్నారట. మేడం నా వైపు చూశారు. వాళ్ళకు జవాబేం చెప్పాలో ఆలోచిస్తున్నారంతే. నేను మాత్రం జేబులో తాళంచెవి తడుముకున్నాను.

మే 23

స్వెటర్ కళ్ళ కింద నలుపు. ఆ పెట్టె ఇంకా ఉంటే బాగుండేది అక్కా, ఇంకొక్కసారి చూసుకునేదాన్ని అంది. ఉందన్నాను. నోరు జారింది.

పారెయ్యకుండా ఉంచినందుకు థాంక్స్ చెప్పింది. చల్లటి చేతులతో నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. చెంపదెబ్బ కొట్టి ఉంటే దీనికంటే నయం.

మే 25

వెనక వరసలు బాగున్నాయని దానికి తెలిసిపోయింది. పరుగున వెళ్ళి మేడంకు చెప్పింది. ముందు వరస చెడి, వెనక వరస ఎందుకు చెడలేదు? బోర్డు మీద ఫ్రీజర్ బొమ్మ గీశారు. తలుపు దగ్గర వేడా, లైటా, లేబుల్ జిగురా? అదొకటి చెప్తుంది, మేడం కొట్టేస్తారు. మేడం ఒకటి చెప్తారు, అది కొట్టేస్తుంది. మేడం మాట కొట్టేసే ధైర్యం నాకు ఏనాడూ లేదు. మేడం పకపకా నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఈసారి స్వెటర్ టిష్యూ ఇవ్వలేదు. దానికీ తెలిసిపోయింది.

మే 27

ఫ్రీజర్ నిండా థర్మామీటర్లు కట్టారు. మేడం లంచ్ మానేశారు. ఇన్నేళ్ళలో నా విషయంగా ఆవిడ ఒక్క పూట తిండి మానింది లేదు. ఒక కుర్చీలో మేడం, ఇంకో కుర్చీలో అది, మధ్యలో ఒకే కాగితం. జవాబు నా నోట్లో ఉంది. వేడి అన్నం ముద్ద పెట్టుకుని మింగలేక, ఉమ్మలేక తిరుగుతున్నట్టుంది.

మే 28

చెప్పేశాను.

పశ్చాత్తాపమని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. ఇక్కడైనా నిజం రాస్తాను. ఆ మూడు వందల మంది గుర్తొచ్చిన మాట నిజమే. కానీ నన్ను లేపి నిలబెట్టింది వాళ్ళు కాదు. ఆ రెండు తలలూ అలా ఆనుకుని ఉండటం ఇక చూడలేకపోయాను. జవాబు దొరికితే లేస్తారని చెప్పాను.

లేచారు.  అది చేతులు వేళ్ళ దాకా స్వెటర్‌లోకి లాక్కుంది. మేడం ఎందుకు చేశావని అడుగుతారనుకున్నాను, దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఎంతసేపు పట్టుకున్నావని అడిగారు, అంతే. ఎందుకో ఆవిడకు ముందే తెలుసేమో.

తాళంచెవి టేబుల్ మీద పెట్టి వచ్చేశాను.

మే 29

లీవు పెట్టాను. మా ఆయనకు అంతా చెప్పాను. ఒక్క జోకు వెయ్యలేదు. అప్పుడు భయమేసింది.

జూన్ 2

మేడం పిలిపించారు. తాళంచెవి స్వెటర్‌కు ఇచ్చేశారు. నాలుగు వందల మందివీ దాని పద్ధతిలోనే తీస్తారట. నన్ను పొమ్మనలేదు. పొమ్మంటే తిట్టుకోవడానికైనా ఉండేది.

వయల్ చేతిలో ఎంతసేపు ఉంటే రక్తం పాడవుతుందో ఎవరూ సరిగ్గా చూడలేదట. ఫ్యాక్టరీ దగ్గర పది మంది చేతులు మారతాయి, అది తేల్చకుండా ఒక్క చుక్క కూడా తీయడానికి వీల్లేదన్నారు. దానికో చెయ్యి కావాలి. స్వెటర్ చేతులు చల్లన, పనికిరావు. నీ చెయ్యి కావాలమ్మా అన్నారు.

రక్తం మళ్ళీ నాదే. స్వెటరే తీసింది. ఈసారీ సూది తెలియలేదు. చెయ్యి చాపమంది, పిడికిలి బిగించమంది, వదలమంది. ఒక్కసారి కూడా అక్కా అనలేదు. అని ఉంటే బాగుండేది.

జూన్ 9

నా అరచేతిలో నా రక్తం. స్వెటర్ గడియారం చూసింది. కరిగేదాకా మేడం నన్నే చూశారు.

తొందరగా కరిగిపోయింది.