మామ అనే మాట

నవంబర్ 18, మంగళవారం

నా ఇసుక లారీలు ఇంకో రెండు పట్టుబడ్డాయి. పోలీసులు వెతికి పట్టుకోలేదు, ముందే వచ్చి కూర్చున్నారు. నేను చదివిన చరిత్రల్లో కోటలను దాదాపు లోపలివాళ్లే తెరిచారు. నా అనుమానం నా భార్య లీలాబాయి తమ్ముడు నందకిషోర్ మీద. దెగ్లూర్‌లో బట్టల దుకాణం. నా ఇంట్లో తిని నన్నే దొంగ అంటాడు.

నవంబర్ 19

నా కూతురు రూపాలి పెళ్లికి వాడు రాకూడదని చెప్పేశాను. లీలాబాయి నాతో మాట్లాడటం మానేసింది. మానేయనీ.

నవంబర్ 22

కూతురు వచ్చి ఎదురుగా నిలబడింది. మరాఠీ సంబంధం. పెళ్లికూతుర్ని మండపంలోకి మేనమామే తీసుకురావాలి. ఆయన రాకపోతే గది దాటనంది.

"పుట్టినకాడికెల్లి ఆయనను చిన్నాయన లెక్క 'కాక' అని పిలిపిచ్చినవ్ బాపు. పెండ్లినాడన్న మామ అననియ్యి."

ఈ ఊళ్లో పోలీసును మామ అంటారు. మా లైన్‌లో ఫోన్ మోగి "మామ అచ్చిండు" అన్నారంటే లారీ వదిలి ఉరకాలి. అంత బరువైన మాటను ఇంట్లో చుట్టాల కోసం వాడనిస్తానా? అందుకే బ్యాన్ చేశాను. రూల్ నాది. ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.

సరే, రానీ అన్నాను. కళ్ల ముందుంటే కనిపెట్టొచ్చు.

నవంబర్ 30, ఆదివారం, సాయంత్రం

పెళ్లయింది.

పెళ్లి చేయించే గురూజీ మైక్ అందుకుని మరాఠీలో పిలిచాడు. మామ రావాలి, మామ త్వరగా రావాలి అని. అంతే. బంతిలో కూర్చున్న నా మనుషులు విస్తళ్లు వదిలి లేచారు. డ్రైవర్ దత్తు నోట్లో జిలేబీతోనే గోడ దూకాడు. మగపెళ్లివాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. నందకిషోర్ మాత్రం రూపాలి చెయ్యి పట్టుకుని, తలెత్తుకుని నడిచొచ్చాడు.

గురూజీని మాట్లాడింది నేనే. అయినా నా కాళ్లు కూడా లేచాయి.

లేవనివాడు ఒక్కడే. నా కొడుకు సంకేత్. మీసాలు రాకముందు నుంచి ఆ మాటకు ఉరికినవాడు, ఇవాళ తలెత్తకుండా పప్పన్నం కలుపుకున్నాడు. పోలీసులు ఎప్పుడొస్తారో తెలిసినవాడికే అంత నిమ్మళం.

డిసెంబర్ 1

సంకేత్‌ను అడిగాను. దాచలేదు.

"పోలీసోల్లకు నేనే చెప్పిన బాపు. రెండు నెల్ల కింద నా బిడ్డ ప్రణాలిని తీస్కపోనీకె నా బామ్మర్ది బడికి పోయిండు. నీ మామ అచ్చిండు అని టీచర్ అంటే పోరి బల్ల కింద దూరిందట. నాకు బిడ్డ కావాలె. నీ లారీలు వద్దు."

మనవరాలి సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పినా ఆగేవాణ్ణి కాదు. ఈ ఇంటి ప్రతి ఇటుక గోదావరి ఇసుకే అన్నాను. నందకిషోర్‌కు క్షమాపణ చెప్పమని లీలాబాయి అంది. చెప్పను. అనుమానం తప్పయింది, అసహ్యం కాదు.

సంకేత్‌తో ఒకటే అన్నాను. "రేపు పొద్దుగాల దెగ్లూర్ రోడ్డు. ముంగటి లారీల నేనే కూసుంట. పోయి నీ మామకు చెప్పు."

డిసెంబర్ 2

రోడ్డు మీద పోలీసులు లేరు. సంకేత్ ఒక్కడే, లారీకి అడ్డంగా నిలబడ్డాడు.

దత్తు నా వైపు చూశాడు. హారన్ కొట్టమన్నాను. కొట్టాడు. ఇంకా ముందుకు పోనిమ్మన్నాను. బంపర్ వాడి చొక్కాకు తగిలింది.

వాడు కదల్లేదు.

నా కొడుకే.