నాలుగో పింగాణీ బిళ్ళ

1963 ఆగస్టు, గురువారం రాత్రి. కొత్తకోట

ఇంతకాలం నా చెవిని నమ్ముకునే ఈ పని చేశాను. కరెంటు తీగను మోసే పింగాణీ బిళ్ళలకు పొడవాటి కర్ర చివరి ఇనుప ముల్లు ఆనిస్తే, మంచి బిళ్ళ గుయ్‌మంటుంది. లోపల పగిలినది పలకదు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

ఇవాళ టవరు మీద నాలుగో బిళ్ళకు ముల్లు ఆనించి, "మంచిదే" అన్నాను. పక్కనే ఉన్న తోటి పనివాడు నర్సింహులు నా వంక వింతగా చూశాడు.

"ఏం మంచిదన్నా? గది సప్పుడే చేస్తలేదు."

"గింత గట్టిగ మోగుతాంది, ఇనవడ్తలేదా నీకు?"

"కర్ర జర ఇవతలికి తియ్యి."

తీశాను. చప్పుడు ఆగలేదు. అది నా చెవిలోనే మోగుతోంది.

ముందు గాలి హోరనుకున్నాను. కిందికి దిగినా తగ్గలేదు. ఎప్పటి నుంచి ఇలా మోగుతోందో! పోయిన నెల షాద్‌నగర్ వైపు టవర్లు నేనొక్కణ్ణే ఎక్కి చూశాను, అన్నీ బాగున్నాయని సంతకం పెట్టాను. అప్పుడు పలికింది బిళ్ళలా, నా చెవా?

"సూపర్‌వైజరుకు నువ్వే చెప్పుకో అన్నా, నేను చెప్తే మంచిగుండది" అన్నాడు నర్సింహులు. చెబితే ఈ పని నాకుండదు. చెప్పకపోతే, ఆ బిళ్ళలు మంచివని నమ్మి ఎవడో ఒకడు ఎక్కుతాడు.

సాయంత్రం సూపర్‌వైజరు ఇంటికి వెళ్ళి చెప్పేశాను. ఆయన తిట్టలేదు. కాగితం ముందు పెట్టుకుని, "ఏయే టవర్లు మళ్ల జూడాలె, చెప్పు మల్లేశం" అన్నాడు.

ఒక్క నంబరు కూడా చెప్పలేకపోయాను. అన్నీ అనాలో, కొన్నే అనాలో నాకే తెలియడం లేదు.