సోమమ్మకు ఇంకొక్క సంత

సారపాక,
జూలై నెల, పదో తారీఖు, గురువారం.

ప్రియమైన అక్కా,

ఎలా ఉన్నావు? బావ నడుం నొప్పి తగ్గిందా? చిట్టి ఏడవకుండా బడికి వెళ్తోందా? దమ్మపేటలో కూడా ఇలాగే ముసురు పట్టి ఉంటుంది. పామాయిల్ గెలలు ఆగవని తెలుసు, అయినా వానలో బావను తోటలోకి పంపకు. నేను బాగున్నాను. మొదటే చెబుతున్నాను, నాకేమీ కాలేదు, వేళకు తింటున్నాను. ఇది ముందే ఎందుకు రాస్తున్నానంటే కింద రాయబోయేది చదివితే నీ గుండె గుభేలుమంటుంది. తొమ్మిది రోజులైనా నాకింకా అలాగే ఉంది. ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు చేశాను. నీ గొంతు వినగానే చిట్టి గురించి అడిగి పెట్టేశాను. అందుకే కాగితం తీసుకున్నాను.

ఇక్కడ గది బాగానే ఉంది. మిల్లు సైరన్ మోగితే లేస్తాను, జామాయిల్ కర్ర లారీలు పోతుంటే కిటికీ రెక్కలు గడగడలాడతాయి. ఓనరమ్మ మంచిది, కూర చేస్తే గిన్నెలో పెట్టి తలుపు కొడుతుంది. కాకపోతే అన్నింట్లోనూ చక్కెర వేస్తుంది. నీ పండుమిర్చి తొక్కు అయిపోయి పది రోజులైంది, ఎవరైనా భద్రాచలం వస్తుంటే పంపు. రోజూ షేర్ ఆటోలో గోదావరి వంతెన దాటి ఆఫీసుకు వెళ్తాను. పని ఉన్నప్పుడు పర్వాలేదు. ఆదివారాలే గడవవు. బట్టలు ఉతికి, ఆరనివి మళ్లీ ఉతికి, ఫోన్‌లో చిట్టి వీడియోలు చూస్తూ కూర్చుంటాను.

నా ఉద్యోగం ఏంటని మొన్న అమ్మ అడిగితే కంప్యూటర్ పని అన్నాను. నీకు సరిగ్గా చెబుతాను. మాది చిన్న సంస్థ. అడవిలో వాగుల అవతల ఉన్న గూడేల నుంచి గర్భిణులను కాన్పుకు పదిహేను రోజుల ముందే జీపులో తీసుకొచ్చి, ఆస్పత్రికి దగ్గరగా ఒక ఇంట్లో ఉంచుతాం, మా ఆఫీసూ ఆ ఇంట్లోనే. నొప్పులు మొదలయ్యాక వాగు దాటడం కుదరదు కదా. ఎవరి కాన్పు తేదీ ఎప్పుడో, ఎవరిని ఏ రోజు తీసుకురావాలో చెప్పే ప్రోగ్రాం రాయడం నా పని. ఇంటర్వ్యూలో "ఈ ఉద్యోగమే ఎందుకు?" అని అడిగితే ఏదో చెప్పాను. అసలు కారణం నీ మొదటి పాప. "ఆటో ఒక్క గంట ముందు వచ్చుంటే" అని నువ్వు ఇప్పటికీ అంటావు. ఎవరికీ ఆ గంట ఆలస్యం కాకుండా చూసే పని దొరికిందని ఎంత పొంగిపోయానో!

ప్రోగ్రాం రాసి తెగ మురిసిపోయాను అక్కా. వయసు గడిలో అక్షరాలు కొడితే తీసుకోదు. ఫోన్ నంబర్‌లో ఒక్క అంకె తక్కువైనా ఎర్రగా హెచ్చరిస్తుంది. తేదీ గడి ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు. తేదీని చదివి దాచుకునే ముక్క మాత్రం ఇంటర్నెట్‌లో దొరికింది, ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టాను. అది పనిచేస్తోందో లేదో చూడటానికి ముందు నా పుట్టినరోజు కొట్టాను. సరిగ్గా తీసుకుంది. తర్వాత నీది కొట్టాను. అదీ సరిగ్గా తీసుకుంది. ఇంకేం కావాలనుకున్నాను.

మన పుట్టినరోజులు ఏంటో గుర్తుందా? తల్లాడ బడిలో చేర్చేటప్పుడు మనం ఎప్పుడు పుట్టామో నాన్న చెప్పలేకపోతే, సారు మనిద్దరికీ ఆరో నెల ఆరో తారీఖు రాసేశాడు. సగం తరగతికి అదే పుట్టినరోజు. ఆరు, ఆరు. ఎటు నుంచి చదివినా ఒకటే. నేను తెచ్చిపెట్టిన ఆ ముక్క అమెరికావాళ్ల పద్ధతిలో ముందు నెల, తర్వాత తారీఖు చదువుతుంది. మనం ముందు తారీఖు రాస్తాం. ఆ సంగతి మన పుట్టినరోజులు ఎలా పట్టిస్తాయి చెప్పు!

చెప్పినవాళ్లు లేకపోలేదు. కార్డులు చూసి వివరాలు ఎక్కించేది విజయ సిస్టర్, ఆ ఇంటిని చూసుకునే నర్సు. మొదటి వారంలోనే నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఉమా, ఇరవై అయిదో తారీఖు కొడితే నీ కంప్యూటర్ తీసుకుంటలేదు. తిరగేసి కొడితే తీసుకుంటున్నది. ఏందిది?"

"మీరే ఏదో తప్పు కొట్టి ఉంటారు సిస్టర్, మెల్లగా కొట్టండి," అన్నాను తల కూడా ఎత్తకుండా.

ఆ మాట ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఇరవై అయిదో నెల ఉండదు కాబట్టి అది వద్దంది. అంతవరకు నయం. పన్నెండులోపు తారీఖులైతే? అవన్నీ నెలలనుకుని నోరు మూసుకుని దాచేసుకుంది. ఎర్ర అక్షరాలు లేవు, హెచ్చరిక లేదు. తప్పు తేదీలన్నీ నా దగ్గర చక్కగా వరసలో కూర్చున్నాయి.

రెండోసారి లక్ష్మి చెప్పింది. ఆమెను జూన్ చివర్లో జీపులో తెచ్చాం. వచ్చిన రోజు నుంచి ఒకటే గొణుగుడు. "పత్తి గింజలు పెట్టే యాళ్ల నన్ను తెచ్చి గీడ కూసోబెట్టిండ్రు. నాకు ఇంకా మస్తు దినాలు ఉన్నయి," అనేది. ఇల్లు గుర్తొచ్చి అలా అంటోందని నేను, సిస్టర్ నవ్వుకున్నాం.

పోయిన మంగళవారానికి ముందు మంగళవారం, ఉదయం పది గంటలకు, ముత్తమ్మక్క వచ్చింది. వాగు అవతలి మూడు గూడేలకు ఆమే ఆశా కార్యకర్త. మోకాళ్ల దాకా బురద, తల మీద ఎరువుల సంచి కప్పుకుని ఉంది. లోపలికి వచ్చి మంచాలన్నీ ఒక్కొక్కటే చూసింది.

"సోమమ్మ యాడుంది?" అంది.

"ఏ సోమమ్మ?"

"మా గూడెం సోమమ్మ. లక్ష్మిని తెచ్చిండ్రు, సోమమ్మను తేలే. లక్ష్మికి ఇంకా అయిదు సంతలు ఉన్నయి. సోమమ్మకు ఇంకొక్క సంతే ఉన్నది. ఏందిది బిడ్డా?"

అక్కా, అక్కడివాళ్లు నెలలతో లెక్కపెట్టరు. వారానికోసారి జరిగే సంతే వాళ్లకు లెక్క. చివరి నెలసరి నుంచి లెక్కేసుకుని ముత్తమ్మక్క ప్రతి సంత రోజూ తన నోటుబుక్కులో ఒక్కొక్కరి పేరు పక్కన ఒక గీత గీస్తుంది. నలభై గీతలు నిండితే కాన్పు. నాకు ఈ సంగతి అప్పటిదాకా తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

"సోమమ్మకు వచ్చే నెల ఏడో తారీఖు అని కంప్యూటర్లో ఉంది ముత్తమ్మక్కా. ఇంకా నెల పైనే ఉంది," అన్నాను ధీమాగా.

"కంప్యూటర్ సంతకు పోయిందా?" అంది. తడిసిన సంచిలోంచి నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది. సోమమ్మ పేరు పక్కన గీతలు లెక్కపెట్టాను. ముప్ఫై తొమ్మిది.

నవ్వుతూనే బీరువాలోంచి సోమమ్మ కార్డు తీశాను. చూపించి ఆమె నోరు మూయిద్దామని. కార్డు మీద డాక్టరు రాసిన తేదీ 08/07. జూలై ఎనిమిది. తెర మీద ఆగస్టు ఏడు. లక్ష్మి కార్డు తీశాను. 07/08. తెర మీద జూలై ఎనిమిది. ఒకరి తేదీ ఇంకొకరికి వెళ్లి కూర్చుంది. నేను కుర్చీలోంచి ఎప్పుడు లేచానో నాకే తెలియదు. సిస్టర్ నా భుజం పట్టుకుని "ఏమైంది, ఏమైంది" అంటోంది. నాకు మాత్రం సత్తుపల్లి రోడ్డు మీద వానలో ఆటో కోసం నిలబడ్డ నువ్వే కనిపిస్తున్నావు.

జీపు ఎక్కాం. వెళ్లాల్సిన పని లేదని సిస్టర్ అన్నా నేను ఎక్కాను. మూడు రోజుల ముసురుకు వాగు ఎర్రగా, ఒడ్డు దాకా పారుతోంది. డ్రైవర్ బండి ఆపేశాడు. ముత్తమ్మక్క చీర ఎగ్గట్టి దిగింది. నన్ను ఉండమంది. నేను వినలేదు. నీళ్లు నడుం దాకా వచ్చాయి. అక్కా, తిట్టకు, ఆమె నా చెయ్యి వదల్లేదు. అవతల రెండు మైళ్లు నడిచాం. ఇంటి ముందు సోమమ్మ చాట పట్టుకుని జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపు ఆగలేదు.

నులక మంచానికి వెదురు బొంగు కట్టి నలుగురు మోశారు. వాగులో దిగాక నీళ్లు మంచం పట్టెలను తాకాయి. సోమమ్మ మొగుడు ముందు బొంగు పట్టుకుని, "అడుగు చూస్కో, అడుగు చూస్కో," అంటూనే ఉన్నాడు. నేను ఒక పక్క మంచం పట్టె పట్టుకున్నాను. నేను మోసిందేమీ లేదు, ఊరికే పట్టుకున్నాను. జీపు ఎక్కించాక చూసుకుంటే నా చేతులు పట్టెకే అతుక్కుపోయినట్టు విప్పలేకపోయాను.

రెండు రోజులకే, గురువారం తెల్లారాక నొప్పులు వచ్చాయి. ఆస్పత్రికి నడిపించే తీసుకెళ్లాం. ఆడపిల్ల. పేగు మెడకు చుట్టుకుని ఉందట, డాక్టరు ఉన్నాడు కాబట్టి సరిపోయింది. అప్పటికి వాగు మీద రాకపోకలు పూర్తిగా ఆగిపోయాయి. ఇంకో వారం చూసి వెళ్దామనుకుని ఉంటే మంచం మోసుకొచ్చే దారి కూడా ఉండేది కాదు.

ఆ తర్వాత మూడు రోజులు నేను, ముత్తమ్మక్క కూర్చుని ప్రతి కార్డూ తెర పక్కన పెట్టి చూశాం. ఇంకో ముగ్గురి తేదీలు తిరగబడి ఉన్నాయి. అదృష్టం, అందరికీ ఇంకా సమయం ఉంది. వాగు తగ్గగానే లక్ష్మిని పత్తి గింజలకు పంపిస్తామన్నాం, ఆమె నన్ను నాలుగు అనే వదిలింది. అనాల్సిందే. ఇప్పుడు ప్రోగ్రాంలో నెలను అంకెతో రాయనివ్వను, పేరు ఎంచుకోవాలి. కాన్పు తేదీ దాటిపోయినదైనా, పది నెలల అవతలిదైనా ఊరుకోదు. దాచుకునే ముందు తేదీని తెలుగు అక్షరాల్లో చూపించి, ఇంకా ఎన్ని సంతలు ఉన్నాయో చెప్పి, నిజమేనా అని అడుగుతుంది. ముత్తమ్మక్క నోటుబుక్కు చూసి అవునంటేనే సిస్టర్ సరే నొక్కుతుంది. పుట్టినరోజుతో పరీక్షించడం మానేశాను.

సోమమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను. పక్కన కూర్చుని, ఆలస్యం నా వల్లే అయిందని, నేనే తప్పు రాశానని చెప్పాను. వాళ్ల అత్త మూల కూర్చుని, "ఏమన్న అయితే ఎవరిని అడగాలె?" అంది.

సోమమ్మ నన్ను అడిగింది, "గిప్పుడు మంచిగ రాస్తున్నవా?"

"అవ్, మంచిగ రాస్తున్న," అన్నాను. ఆమె మాటే నా నోట్లోంచి వచ్చింది.

"మా చెల్లెకు గూడ నెల తప్పింది. ఆమెది సక్కగ రాయి."

రాశాను అక్కా. ముత్తమ్మక్క గీతలు లెక్కపెట్టింది, నేను రెండుసార్లు చదివి వినిపించాను. ఇంకా ముప్ఫై ఒక్క సంతలు ఉన్నాయి.

అమ్మకు, నాన్నకు నా దండాలు చెప్పు. వాగు సంగతి మాత్రం అమ్మకు చెప్పకు. బావను అడిగానని చెప్పు, చిట్టి బుగ్గ కొరుకు. నా మీద కోపం వస్తే తిట్టు, కానీ ఒక్కసారి నాకోసం దండం పెట్టుకో, మళ్లీ తప్పు రాయకుండా పని చేసుకోవాలని.

ఒక్కటి అడుగుతాను, కాదంటే ఏమీ అనుకోను. సోమమ్మ పాపకు పాత లంగా ముక్క చుట్టి పడుకోబెడుతున్నారు. నీ మొదటి పాప కోసం కుట్టిన తర్వాత నువ్వు మళ్లీ బొంత కుట్టలేదు, చిట్టికి కూడా కొన్నావే గానీ కుట్టలేదు. నాకు తెలుసు. ఈ పాపకు ఒకటి కుట్టవా అక్కా? తొందరేం లేదు, వాగు తగ్గాక ముత్తమ్మక్క తీసుకెళ్తుంది. ఈ పాప వేళకే వచ్చింది.

నీ చెల్లెలు,
ఉమ