తల అడ్డంగా ఊపే మాంత్రికుడు

మాంత్రికుడి చక్రాల ఆట తయారుచేసిన వారికి,

మీరెవరో, ఏ దేశంలో ఉంటారో నాకు తెలియదు. కానీ మీ మేలు మరిచిపోలేను.

తుంటి ఆపరేషన్ అయ్యాక మా ఆయన స్తామెన్ మంచం దిగనని మొండికేశాడు. పొద్దుపోక ఫోన్‌లో చక్రాలు తిప్పి పందెం కాసే మీ పాత ఆట మొదలుపెట్టాడు, అదీ ఉత్తుత్తి నాణేలతోనే. ఓడినప్పుడల్లా మీ మాంత్రికుడు తల అడ్డంగా ఊపుతాడు. మీ దగ్గర దానర్థం 'కాదు' అని కాబోలు. మా బల్గేరియాలో అడ్డంగా ఊపితే అవునని, నిలువుగా ఊపితే కాదని.

దాంతో ఆయన మాంత్రికుణ్ణి ప్రశ్నలడగడం మొదలుపెట్టాడు.

"ఏం తాతా, ఈసారి చలికాలం నిల్వకి మిరపకాయలు నేనే కాలుస్తానా?"

ఓడిపోయాడు. మాంత్రికుడు అడ్డంగా ఊపాడు.

"చూశావటే ముసలిదానా, అవునంటున్నాడు. ఆ చేతికర్ర ఇలా తే."

ఇప్పుడు పెరట్లో పొయ్యి దగ్గర నిలబడి మిరపకాయలు కాలుస్తూ, సీసాలు సరిగా కడగలేదని నా మీద కేకలేస్తున్నాడు. ఆ కేకలు వినడానికి ఎంత హాయిగా ఉందో మీకెలా చెప్పను?

ఒక్క మనవి. నిన్న "వసంతానికల్లా కర్ర లేకుండా నడుస్తానా?" అని అడిగి, ఖర్మకాలి గెలిచాడు. మాంత్రికుడు నిలువుగా తలూపాడు. ఆయన రాత్రి సూప్ ముట్టలేదు.

మీకు పుణ్యముంటుంది, మా ఆయన్ని ఇక గెలవనివ్వకండి.

ఇట్లు,
స్తామెన్ భార్య